‘ఎట్టి’ అనే మాట: మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో దాని అర్థం, దాని పుట్టుక, సువార్తలలో దాని చోటు

మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో పెద్ద వయసువారు మాట్లాడుకునేటప్పుడు ‘ఎట్టి’ అనే మాట దొర్లుతుంది. ‘ఎట్టి చేసుడు’, ‘ఎట్టికి పట్టుడు’, ‘ఎట్టోడు’ అంటారు. పుస్తక భాషలో ఇది ‘వెట్టి’. వెన్నెల ఎన్నెల అయినట్లు, వెళ్లుట ఎళ్లుట అయినట్లు, తెలంగాణ పలుకుబడిలో మాట మొదటి వకారం జారిపోయింది. కోస్తా జిల్లాల నుండి వచ్చిన వేదాంత విద్యార్థికి ఈ మాట వినగానే ‘ఎటువంటి’ అనే అర్థం తోచవచ్చు. మన పరిశుద్ధ గ్రంథపు తెలుగు ఆ అర్థాన్నే అలవాటు చేసింది. పల్లె మాటకు దానితో సంబంధం లేదు. కూలి ఇవ్వకుండా, కాదనే వీలు లేకుండా చేయించుకునే పని అని దీని అర్థం.

ఈ మాటను మేము పరిశీలనకు తీసుకొనుటకు కారణముంది. మన తెలుగు పాత నిబంధనలో ‘వెట్టి’ పలుమార్లు కనిపిస్తుంది. కాని దానికి సరిగ్గా సరిపోయే గ్రీకు మాట క్రొత్త నిబంధనలో ఉన్న మూడు చోట్లా మన అనువాదంలో అది లేదు. ఆ మూడూ మనం తరచుగా ప్రసంగించే వాక్యభాగాలే. మాట మారినందున ప్రసంగం కూడా మారిందని మా అభిప్రాయం.

ముందుగా పల్లెలో ఈ మాట మోసిన బరువు చూద్దాం. నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016లో ఏర్పడింది. అంతకు ముందు ఇది 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోనిది. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా ‘అత్రాఫ్-ఎ-బల్దా’ జిల్లాలో ఉండేది. నగర పరిసరాలు అని ఆ పేరుకు అర్థం. ఆ జిల్లా చాలావరకు ‘సర్ఫ్-ఎ-ఖాస్’, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూములు. వాటి నడుమ జాగీర్లు ఉండేవి. సర్ఫ్-ఎ-ఖాస్ 1949 ఫిబ్రవరిలో ప్రభుత్వ భూములలో కలిసింది. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. అంతవరకు ఈ పల్లెల మీద తహసీల్దారు, గిర్దావరు, పోలీసు అమీను, పటేలు, పట్వారీ, ఎవరి స్థాయిలో వారు అధికారం నడిపారు. పైగా మేడ్చల్ నాగపూర్ బాట మీద ఉన్న ఊరు. దానికి దక్షిణాన సికింద్రాబాద్ దండు. బాట మీద ఉన్న ఊరికి వచ్చిపోయే అధికారుల తాకిడి ఎక్కువ.

అధికారి ‘దౌరా’కు, అంటే పర్యటనకు, బయలుదేరితే అతని సామాను మోయాలి, డేరా వేయాలి, గుర్రానికి గడ్డి కోయాలి, వంటకు కట్టెలు కొట్టాలి. ఊరి కాగితాలు తాలూకా కచేరికి, పోలీసు ఠాణాకు మోసుకుపోవాలి. వీటికి దళిత వాడల నుండి ఇంటికొక మనిషి వంతున పోవలసి ఉండేది. అతని పొలంలో ఆ రోజు నాటు ఉన్నా, ఇంట్లో శవం ఉన్నా వంతు వంతే. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం గురించి రాసిన గ్రంథంలో వెట్టి ఏయే కులాలను ఎలా పట్టిందో వివరించారు. కుమ్మరి కుండలు ఇచ్చుకోవాలి, గొల్ల గొర్రెను ఇచ్చుకోవాలి, సాలె బట్ట ఇచ్చుకోవాలి, చాకలి బట్టలుతికి దొర ఇంటి పనులు చేయాలి. వెట్టి అందరినీ తాకింది. కాని శరీరాన్నే అప్పగించవలసి వచ్చింది ముఖ్యంగా మాల మాదిగలకు.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. మన వ్యాసాలలోను ప్రసంగాలలోను వెట్టి, బానిసత్వం, జీతం అన్నీ ఒకటిగా కలిసిపోతుంటాయి. పల్లె భాష వీటిని కలపలేదు. బలూతా పని చేసేవారికి కల్లంలో ధాన్యపు మేర ఉండేది. అది కొంచెమే కావచ్చు, అయినా అడిగే హక్కు. జీతగాడు అప్పుకో ఏడాది ఒప్పందానికో ఒక ఇంటికి కట్టుబడినవాడు. అప్పు తీరకపోతే కొడుకు ఆ కాడి కిందికి వచ్చేవాడు. దీనికి ‘భగేలా’ అనే పేరు కూడా ఉంది. ఎట్టికి అప్పు లేదు, ఒప్పందం లేదు, మేర లేదు. ఎందుకు చేయాలంటే, నీవు ఆ వాడలో పుట్టావు గనుక. బాట మీద కనిపించావు గనుక. ఈ రెండో కారణం సువార్తను చదివేటప్పుడు మనకు పనికి వస్తుంది.

ఇక మాట పుట్టుక. సంస్కృతంలో ‘విష్టి’ అంటే కూలి లేని నిర్బంధ సేవ. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ మాట రాజు రాబడుల లెక్కలోనే ఉంది. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో మహాక్షత్రప రుద్రదాముడు సుదర్శన తటాకపు కట్టను తిరిగి కట్టించిన సంగతి చెప్పుకుంటూ, పన్నులతో గాని విష్టితో గాని ప్రజలను పీడించలేదని ప్రత్యేకంగా చెక్కించాడు. చెరువు కట్ట వేసిన రాజు విష్టి లేకుండా వేశానని గొప్పగా చెప్పుకున్నాడంటే, మిగతా కట్టలు ఎలా లేచాయో వేరే చెప్పనక్కరలేదు.

ప్రాకృతంలో ఇది ‘విట్ఠి’, ‘వెట్ఠి’ అయింది. అక్కడి నుండి మరాఠీకి ‘వేఠ్’గా, గుజరాతీకి కూడా అదే రూపంలో చేరింది. కన్నడంలో వకారం బకారమై ‘బిట్టి’. నేటి కన్నడిగులు ‘ఉచితంగా’ అనే అర్థంలో కూడా దీన్ని వాడతారు. తమిళంలో ‘వెట్టి’, చోళుల శాసనాలలో ఊరు చెల్లించవలసిన బాధ్యతల పేర్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. నేటి తమిళంలో ‘వెట్టి’ అంటే పనికిరానిది, వృథా అని అర్థం జారిపోయింది. కూలి లేని పని చివరకు విలువ లేని పని అయింది. ఊరి సేవకుడైన, శవాలను దహనం చేసే ‘వెట్టియాన్’ పేరులో మాత్రం పాత అర్థం మిగిలింది. తెలుగులో సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో ‘వెట్టి’కి చోటుంది. నరుకుట అనే అర్థంగల తమిళ ‘వెట్టు’తో దీన్ని కొందరు కలుపుతారు గాని ఆ రెండూ వేరు మాటలు.

పారసీ నుండి వచ్చిన జంట మాట ‘బేగార్’. దక్కనులో పాలకుల భాష పారసీ, ఆ తరువాత ఉర్దూ కావడం వల్ల వెట్టికి కచేరిలో బేగార్ అనే పేరు పడింది. మరాఠీలో రెండూ కలిసి ‘వేఠ్‌బిగార్’ అయింది. మన ‘వెట్టిచాకిరి’ కూడా ఇలాంటి జోడే. ‘చాకిరి’ పారసీ నుండి వచ్చినదే. పీడించే పనికి ఒక భాష చాలక రెండు భాషల మాటలు జతపడ్డాయి. మేడ్చల్ మొదలుకొని సంగారెడ్డి వరకు ‘బేగరి’ అనే ఇంటిపేరు నేటికీ విస్తారంగా ఉంది. చావు కబురు మోసి, గోతులు తవ్వి, ఊరికి పిలిచిన పని చేసిన సేవకుని పేరది. తమిళ ‘వెట్టియాన్’కు ఇతడు అన్నిటా జోడు: అక్కడ సంస్కృతం నుండి వచ్చిన మాట, ఇక్కడ పారసీ మాట, పని ఒకటే. చెరువు తూము దగ్గర నీరు పంచిన ‘నీరడి’ కూడా ఈ పల్లెలలో ఇంటిపేరుగా మిగిలాడు. మన సంఘాల బాప్తిస్మపు పుస్తకాలు తెరిచే కాపరులు ఈ ఇంటిపేర్లను ఎన్నిసార్లు రాసి ఉంటారో! అవి పూర్వం హోదాలు కావు, పిలుపులు. ఎవరైనా వాటిని ఈనాడు మార్చుకోవాలనుకుంటే వారిని తప్పుపట్టలేము. అలాగే ఉంచుకొని తలెత్తి చెప్పుకునేవారిని కూడా మేము గౌరవిస్తాము.

‘బేగార్’ మాటకు ఒక విచిత్రమైన గౌరవం దక్కింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగపు 23వ అధికరణం నిర్బంధ శ్రమను నిషేధిస్తూ, ఆంగ్ల మూలంలో కూడా ‘బేగార్’ అనే మాటనే ఉంచింది. దానికి సరితూగే ఆంగ్ల పదం లేదన్నమాట. ఆ రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడైన డా. అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసన మండలిలో మహర్ వతన్ మీద, అంటే ఊరికి పుట్టుకతో కట్టుబడిన సేవ మీద, బిల్లు తెచ్చిన వ్యక్తి. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీం కోర్టు కనీస వేతనం కన్న తక్కువ ఇచ్చి చేయించే పని కూడా ఈ అధికరణం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. శామీర్‌పేటలోనే నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి తరగతిలో ‘బేగార్’ ఒక రాజ్యాంగ పదం. గోడ అవతలి పల్లెలో అది ఒక ఇంటిపేరు.

తెలంగాణలో వెట్టిని ఎదిరించిన చరిత్ర మన పాఠకులకు కొంత తెలిసినదే. 1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జన సంఘం, మాడపాటి హనుమంతరావు గారి వంటివారి పూనికతో, వెట్టి సమస్యను పట్టించుకుంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944లో, శామీర్‌పేటకు తూర్పున అంత దూరం కాని భువనగిరిలో జరిగిన మహాసభ నాటికి ఉద్యమం రైతు కూలీల చేతికి వచ్చింది. రెండేండ్లకు సాయుధ పోరాటం. చట్టంలోని మాటకు, చావడి దగ్గరి మాటకు ఉన్న దూరమే ఈ ఉద్యమాలకు మూలం.

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథానికి వద్దాం. హెబ్రీలో నిర్బంధ శ్రమకు ‘మస్’ అనే మాట ఉంది. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మీద నియమింపబడిన అధికారుల గురించి చెప్పేటప్పుడు (నిర్గమ 1:11) మన తెలుగు బైబిల్ వెట్టిపనులు అనే మాటనే వాడింది. సొలొమోను లెబానోనుకు పంపిన ముప్పదివేల మంది విషయంలోను (1 రాజులు 5:13), రెహబాము పంపిన అదోరామును జనులు రాళ్లతో కొట్టి చంపిన చోటను (1 రాజులు 12:18) అదే మాట. ఎంత సరిగ్గా పడిందో చూడండి. దావీదు ఇంటి రాజ్యం రెండుగా చీలడానికి కారణం వెట్టి అని తెలంగాణ పల్లె విశ్వాసికి వ్యాఖ్యానం అవసరం లేకుండానే తెలుస్తుంది. సామెతలు 12:24లో సోమరికి వెట్టి తప్పదన్న హెచ్చరిక ఉంది. అక్కడ కూడా తెలుగులో వెట్టే. ఈ వాక్యాన్ని మాత్రం మన పల్లెలలో జాగ్రత్తగా బోధించాలి. ఇక్కడ వెట్టి చేసినవారు ఊరందరిలో ఎక్కువ కష్టపడినవారు. సోమరులు పల్లకిలో ఉన్నారు. కూలి ఇవ్వక పొరుగువానిచేత పనిచేయించుకొని దేవదారు మేడ కట్టుకున్న రాజు మీద యిర్మీయా పలికిన శ్రమను (యిర్మీయా 22:13-14) దాని పక్కన పెట్టి చదివితే తూకం సరిపోతుంది.

క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘అంగరెయువో’. పారసీక రాజుల తపాలా వ్యవస్థ నుండి గ్రీకులోకి వచ్చిన మాట ఇది. గుర్రపు వార్తాహరులు ఒకరి నుండి ఒకరు అందుకొని రాజాజ్ఞలను మోసుకుపోయే ఆ ఏర్పాటును హెరొదోటస్ తన చరిత్ర ఎనిమిదవ గ్రంథంలో వర్ణించాడు. ఆ రాజ్యం పోయినా ఆ హక్కు మిగిలింది: దారిలో ఉన్న మనిషిని, గాడిదను, బండిని రాజు పనికి పట్టుకోవచ్చు. లతీనులో ‘అంగరియా’, రబ్బీల హెబ్రీలో కూడా అదే. అద్దెకు తీసుకున్న గాడిదను అంగరియా కింద పట్టుకుపోతే నష్టం ఎవరిదన్న చర్చ మిష్నాలో ఉంది (బాబా మెజియా 6:3). బానిసగా పుట్టి తత్త్వవేత్త అయిన ఎపిక్తేటస్, సైనికుడు నీ గాడిదను పట్టుకుంటే వదిలేయి, లేకపోతే దెబ్బలూ తింటావు, గాడిదా పోతుంది అని శిష్యులకు చెప్పాడు. ‘అంగరియా’, ‘బేగార్’ రెండూ ఇరాను నేలకు సంబంధించిన మాటలే. వేరు వేరు మాటలు. ఒకటి గలిలయ బాటకు, మరొకటి మేడ్చల్ బాటకు చేరింది.

ఈ క్రియాపదం క్రొత్త నిబంధనలో మూడే చోట్ల ఉంది: మత్తయి 5:41, మత్తయి 27:32, మార్కు 15:21. మూడింటిలోను మన అనువాదంలో ‘బలవంతము’ అనే భావమే వచ్చింది. అనువాదకులకు వెట్టి తెలియక కాదు. పాత నిబంధనలో వారే వాడారు. 1812లో డెస్ గ్రాంజెస్ అనువదించిన మూడు సువార్తలు, 1818లో ప్రిచెట్ క్రొత్త నిబంధన అచ్చయిన నాటి నుండి మన సువార్త తెలుగు విశాఖపట్నం వైపు రూపు దిద్దుకుంది. మా ఊహ ఇది: పాత నిబంధనలో ఆంగ్లము నిర్బంధ శ్రమకు ప్రత్యేకమైన పదాలు వాడింది, కాబట్టి తెలుగువారు వెట్టిని ఎంచుకున్నారు. సువార్తలలో ఆంగ్లము ‘బలవంతపెట్టు’ అనే సాధారణ క్రియతో సరిపెట్టింది. తెలుగు కూడా దాని వెంటే పోయింది. ‘బలవంతము’ తప్పు కాదు. కాని బలవంతం ఎవరైనా చేయవచ్చు: స్నేహితుడు భోజనానికి బలవంతం చేస్తాడు. వెట్టికి పట్టేది అధికారం ఒక్కటే.

మత్తయి 5:41ని ఈ వెలుగులో చదవండి. అందులోని ‘మైలు’ రోమా కొలత. ‘మిలియోన్’ అనే ఆ మాట క్రొత్త నిబంధనలో ఇక్కడ తప్ప మరెక్కడా లేదు. గలిలయ అప్పుడు హేరోదు అంతిప ఏలుబడిలో ఉంది, అతని మీద రోమా. నిజాం ఏలుబడి, దాని మీద ఆంగ్లేయుల దండు ఉన్న ఈ ప్రాంతపు పెద్దలకు ఆ ఏర్పాటు కొత్తగా తోచదు. ఈ వాక్యాన్ని మన ప్రసంగాలలో ‘అడిగిన దానికన్న ఎక్కువ చేయండి’ అనే శ్రద్ధాపాఠంగా మారుస్తాము. ఉద్యోగి కార్యాలయంలో ఇంకో గంట కూర్చోవాలని, విశ్వాసి సంఘానికి ఇంకొంత చేయాలని చెబుతాము. వెట్టి మోసిన తాతల మనుమలకు ఈ పాఠం ఎలా వినబడుతుందో ఆలోచించామా? తాత మోసింది చాలదు, మరో మైలు మోయవలసి ఉండెను అని వినబడదా?

రోమా సైనికుడు ఒక్క మైలు మాత్రమే మోయించవచ్చుననే చట్టం ఉండేదని ప్రసంగాలలో తరచుగా చెబుతాము. అటువంటి చట్టపు పాఠం ఏదీ దొరకలేదు. దొరికింది వేరొకటి. తిబెరి కైసరు కాలంలో గలతీయ అధిపతి సొతీదియుస్ స్త్రాబో వేయించిన ఒక శాసనం సగలస్సు దగ్గర బయటపడి 1976లో ప్రచురితమైంది. ప్రయాణించే అధికారులకు ఊరు ఎన్ని బండ్లు, ఎన్ని కంచరగాడిదలు ఇవ్వాలో, దూరాన్ని బట్టి వాటికి ఎంత కిరాయి చెల్లించాలో అందులో ఉంది. అంటే పై నుండి చూస్తే నియమం ఉంది, రుసుము ఉంది. నియమాన్ని రాతి మీద చెక్కవలసి వచ్చిందంటే దాన్ని మీరేవారు ఉన్నారనే అర్థం.

వాల్టర్ వింక్ వంటి వ్యాఖ్యాతలు రెండవ మైలును సైనికుణ్ణి ఇరకాటంలో పెట్టే ఎత్తుగడగా చదివారు: పరిమితి మించితే అతనికి శిక్ష, కాబట్టి మూట ఇచ్చెయ్యమని అతడే బతిమాలుకుంటాడని. ఆ చదువు మనసుకు నచ్చుతుంది. అయితే అది ఆ దొరకని ఒక్క మైలు చట్టం మీద ఆనుకొని ఉంది, కాబట్టి మేము దాన్ని పూర్తిగా ఒప్పుకోలేము. మాకు కనిపించేది ఇంతకన్న చిన్నది. ప్రభువు మాట్లాడింది వెట్టికి పట్టుకోబడే వారితో, పట్టుకునేవారితో కాదు. మొదటి మైలును అధికారి లాక్కున్నాడు. రెండవదాన్ని లాక్కోలేడు, మోసేవాడు ఇస్తేనే ఉంటుంది. లెక్కకు తలగా మాత్రమే ఉన్న మనిషికి ‘నీవు’ అని పిలుపు వచ్చింది, నిర్ణయించుకునే మనసు ఉందన్న గుర్తింపు వచ్చింది. ఇదే మాటను పట్వారీ వెట్టివానితో అంటే అది సువార్త కాదు, రెండింతల వెట్టి. మన మధ్య కూడా కొన్నిచోట్ల కాపరి ఇంటి గోడకు, కాపరి పొలం కోతకు ‘దేవుని పని’ పేరుతో సంఘస్థులను పిలిచే అలవాటు ఉంది. శ్రమదానం మంచిదే. కాదన్నవానిని ఆదివారం నాడు చూసే చూపు ఎలా ఉంటుందో దాన్ని బట్టి అది దానమో ఎట్టో తేలుతుంది.

మిగిలిన రెండు చోట్లూ ఒకే మనిషివి. కురేనేవాడైన సీమోను పల్లెటూరి నుండి వస్తూ బాట మీద కనిపించాడు. అంతే కారణం. లూకా (23:26) వేరే క్రియ వాడి, అతణ్ణి పట్టుకొని సిలువను అతనిమీద పెట్టారని రాశాడు. మత్తయి, మార్కు మాత్రం చట్టపు మాటనే వాడారు: సీమోనును వెట్టికి పట్టారు. సిలువను ఎత్తుకొని వెంబడించడం గురించి యేసు ఎన్నోసార్లు చెప్పినా, శిష్యులలో ఎవరూ ఆ ఉదయం దగ్గర లేరు. యేసు తరువాత ఆ మ్రానును మోసిన మొదటివాడు భక్తితో ముందుకు వచ్చినవాడు కాడు, ఎట్టోడు. మన మంచి శుక్రవారపు ప్రసంగాలు అతణ్ణి ధన్యుడని పొగడటానికి తొందరపడతాయి. ఆ దినాన అతనికి ఏమనిపించిందో సువార్తికులు రాయలేదు; మనమూ తొందరపడనవసరం లేదు.

మార్కు ఒక పని చేశాడు. అతడు అలెక్సంద్రు, రూఫుల తండ్రి అని రాశాడు. వెట్టి లెక్కలకు ఫలానా వాడ నుండి ఇన్ని తలలు అంటే చాలు, పేరుతో పనిలేదు. వెట్టికి పట్టబడిన ఈ మనిషికి పేరు, ఊరు, ఇద్దరు కొడుకుల పేర్లు ఉన్నాయి. ఆ కొడుకులు మార్కు సంఘానికి తెలిసినవారై ఉండాలి, లేకపోతే ఆ పేర్లు రాయుటలో అర్థం లేదు. రోమా 16:13లోని రూఫు ఇతడేనని చాలామంది వ్యాఖ్యాతలు తలంచారు, నిశ్చయంగా చెప్పలేము.

ఈ మాటను ఇప్పుడు బల్ల మీదికి ఎందుకు తేవాలని విద్యార్థులు అడగవచ్చు. వెట్టి పోయింది గదా, 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టం కూడా వచ్చింది గదా అని. మేడ్చల్, శామీర్‌పేట పొలాలలో నేడు ఔషధ పరిశోధనాలయాలు, ఔటర్ రింగు రోడ్డు, విల్లాలు ఉన్నాయి. వాటికి ఇటుక కావాలి. హైదరాబాదు చుట్టుపక్కల బట్టీలకు పశ్చిమ ఒడిశా నుండి, బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుండి, కుటుంబాలు ముందుగా తీసుకున్న బయానాకు కట్టుబడి వస్తాయి. పని మానుకొని పోనివ్వని బట్టీల నుండి అధికారులు వారిని విడిపించిన సంఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. బయానా ఉంది గనుక పల్లె లెక్కలో ఇది భగేలాకు దగ్గర. పోనివ్వరు గనుక ఎట్టికి దగ్గర. వారిలో క్రైస్తవ కుటుంబాలు కూడా ఉండవచ్చు. వారికి తెలుగు రాదు, మన ఆరాధనలకు రారు.

మా సూచన ఒక్కటే, అది చిన్నది. ఈ ప్రాంతపు సంఘాలలో మత్తయి 5:41, 27:32, మార్కు 15:21 చదివించినప్పుడు, అచ్చులో ఉన్న మాటను అలాగే చదివి, తరువాత కాపరి నోటితో ‘ఎట్టికి పట్టిండ్రు’ అని ఒకసారి చెప్పి చూడండి. వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మ తల ఎత్తుతుంది. ఆమెకు తెలిసిన సంగతులు ఉంటాయి. ఆరాధన అయిన తరువాత వాటిని అడిగి, తేదీలు తెలిస్తే తేదీలతో, లేకపోతే ఆ ఏడు పడిన కరువు గుర్తుతోనైనా, సంఘపు పుస్తకంలో రాసుకొని పెట్టండి.